ఐదో నంబరు గుడారం

గుడారం నిలబెట్టడం షెల్బీకి రెండు నిమిషాల పని. సంచీలోంచి లాగి గడ్డకట్టిన సరస్సు మీద పరిచి, కప్పు మధ్యనున్న పట్టీని ఒక్క గుంజు గుంజితే అది టప్పుమని పైకి లేస్తుంది. తర్వాత నాలుగు గోడలకి నాలుగు గుంజులు. మూలల్లో ఇనుప మరలు మంచుగడ్డలోకి దిగేదాకా తిప్పి, చుట్టూ పావడాలా వేలాడే అంచు మీదికి పారతో మంచు ఎగదోస్తే ఇక గాలి దూరదు. అంతవరకూ ఎవరైనా చేస్తారు. తేడా వచ్చేదల్లా లోపల దీపాలు కట్టే దగ్గరే.

చేపలు పట్టే మనిషి గడ్డకి తొలిచిన బొరియ మీదికి వంగి కూర్చుంటాడు. దీపం వీపు వెనక ఉంటే అతని తలకాయ నీడ తిన్నగా వెళ్ళి బొరియలోనే పడుతుంది. గాలానికి ముడి వెయ్యలేడు, దారం కదిలిందో లేదో కనిపెట్టలేడు. అందుకని షెల్బీ దీపాల పట్టీని బొరియలకి అవతలి వైపు కమ్మీల మీద, వెలుగు నుదుటికి ఎదురుగా వచ్చేలా కడుతుంది. బ్యాటరీని గడ్డ మీద పెట్టదు. చలికి దాని ప్రాణం సగం పోతుంది. పాత తువ్వాలు చుట్టి ఐసుపెట్టెలో పెడుతుంది. ఊళ్ళో ఐసుపెట్టె చల్లగా ఉంచడానికి, సరస్సు మీద వెచ్చగా ఉంచడానికి. తీగని నేల మీద పారనివ్వదు. బొరియలోంచి పొంగిన నీళ్ళు తీగ మీద గడ్డకడితే మర్నాడు గునపంతో కొట్టేటప్పుడు తీగ కూడా తెగుతుంది. ప్లాస్టిక్ కట్లు ఆ చలికి చీపురుపుల్లల్లా విరుగుతాయి. కాబట్టి ఆమె జడ రబ్బర్లు వాడుతుంది. కూతురికని అట్టకి ఇరవై చొప్పున కొన్నవి ఎప్పుడూ నాలుగైదు ఆమె మణికట్టుకే ఉంటాయి.

అన్నిటికంటే చివర ఎర్ర దీపం. చీకటి పడే వేళ మంచుబండ్లు దూసుకుపోతుంటాయి గనక ప్రతి గుడారం నెత్తి మీదా బయటికి చిన్న ఎర్ర దీపం ఉండాలి. దాని తీగని షెల్బీ బకెట్టు బోర్లించి పైకెక్కి, రెండు చేతులూ చాచి, కప్పులో ఉన్న గాలి కన్నం జిప్పు తెరిచి అందులోంచి పైకి పోనిస్తుంది.

"బట్టలారేసే దండెంలా ఉంది నీ వ్యవహారం," అన్నాడు వెర్న్, ఆ శుక్రవారం పొద్దున మంచుబండి ఆపి, మూడో నంబరు గుడారంలోకి తల దూర్చి. ఒడ్డున ఉన్న లాడ్జి ఆయనది. అద్దెకిచ్చే ఆరు గుడారాలూ ఆయనవే. "తలుపు జిప్పు సందులోంచి లాగితే పోదా? డెల్మర్ని చూడు, బుద్ధిగా అలాగే చేస్తాడు. పైకన్నం మూసుకుంటే వచ్చినవాళ్ళు వెచ్చగా ఉంటారు."

"మూసుకోకూడదనేగా అందులోంచి లాగేది. లోపల గ్యాసు హీటరు పెడుతున్నాం, దాని విషవాయువు పోయే దారి అదొక్కటే. తీగ అడ్డం ఉంటే ఎవరు మూద్దామన్నా పూర్తిగా మూతపడదు."

"నీకన్నీ భయాలే అమ్మాయ్. నీళ్ళలో చేపకి జలుబు చేస్తుందేమోనని కూడా భయపడతావు."

"నా గుడారాల్లోంచి ఇంతవరకూ ఎవరూ తలనొప్పని బయటికి రాలేదు."

వెర్న్ నవ్వి బండి తిప్పుకుని వెళ్ళాడు. ఆమె వెనక రెండు గుడారాల దూరంలో డెల్మర్ మోటారు బర్మాతో గడ్డకి బొరియలు వేస్తున్నాడు. పని ఎప్పుడూ అదే వరసలో సాగుతుంది. ముందు షెల్బీ గుడారం ఎత్తి దీపాలు కట్టుకుంటూ పోతుంది, వెనక డెల్మర్ బొరియలు వేసి, చిల్లుల గరిటెతో గడ్డముక్కలు తోడేసి, హీటరు వెలిగించి చూసుకుంటూ వస్తాడు. ఆమెకి ఇరవై ఆరు, అతనికి యాభై రెండు. తను పనిచేసే గని మూతపడ్డాక అతను కొన్నేళ్ళు తాగుడులో పడ్డాడు. ఇప్పుడు పద్నాలుగు నెలలుగా చుక్క ముట్టలేదు. ఎప్పుడూ పక్కన ఒక స్టీలు ఫ్లాస్కు, అందులో నల్ల కాఫీ. షెల్బీ లేనప్పుడు దీపాలూ అతనే కడతాడు. తన పద్ధతి తనది. టేపు చుట్టని ముందు చంకలో పెట్టుకుని వెచ్చబడ్డాక అంటిస్తాడు.

"నాలుక్కి రావచ్చా?" అని అరిచాడు డెల్మర్.

"రండి, అయిపోయింది. ఆరుదాకా గుడారాలు ఎత్తేశా, దీపాలే మిగిలాయి."

ఐదో దాంట్లో ఉండగా ఫోను మోగింది. స్కూలు నంబరు. గ్లవ్ పళ్ళతో లాగి ఫోను చెవికి పెట్టుకుంది.

"మారెన్ వాళ్ళ అమ్మగారేనా? పాపకి జ్వరం. నూట మూడు ఉంది. చెవి పట్టుకుని ఏడుస్తోంది."

"మెడ తిప్పగలుగుతోందా? ఒంటి మీద మచ్చలేమైనా ఉన్నాయా? చూశారా? చొక్కా ఎత్తి చూశారా?"

"ఒక్క నిమిషం, నర్సుని పిలుస్తాను, లైన్లో ఉండండి."

ఫోన్లో ఏదో సంగీతం మొదలైంది. షెల్బీ ఫోనుని ఒక చేత్తో చెవికి అదిమి పట్టుకునే ఉంది. పొద్దున కార్లోనే పిల్ల చిరాకు పడింది. జడ రబ్బరు తలకి గుచ్చుకుంటోందని లాగి తల్లి చేతికిచ్చేసింది. దానికెంతో ఇష్టమైన పసుపు బాతు బొమ్మ రబ్బరు అది. అప్పుడే నుదురు ముట్టుకుని చూడాల్సింది. తొమ్మిదిన్నరకి గుడారాలు ఎత్తాలన్న తొందరలో చూడలేదు. సంగీతం మోగుతూనే ఉంది. తన తమ్ముడు పసివాడప్పుడు ఇలాగే జ్వరంతో కళ్ళు తేలేశాడు. ఎంతసేపు నిలబడిందో ఆమెకి తెలియదు. నర్సు లైన్లోకి వచ్చి, మచ్చలు లేవు, మెడ బాగానే ఉంది, కానీ ఇంటికి తీసుకెళ్ళాలి అంది.

షెల్బీ బయటికి పరిగెత్తింది.

"డెల్మర్! పిల్లకి జ్వరం. మిగతా దీపాలు మీరు చూసుకోండి."

అతను బర్మా ఆపకుండానే చెయ్యెత్తాడు. వెళ్ళు, వెళ్ళు అన్నట్టు.

*

చెవిలో చీము అన్నాడు డాక్టరు. గులాబిరంగు మందు రాసిచ్చాడు. సాయంత్రానికి జ్వరం నూటొకటికి దిగింది. సోఫాలో పడుకుని మారెన్ రెండే మాటలు అంది. ఒకటి, చికెన్ సూపు వద్దు. రెండు, నా బాతు ఏది.

"కార్లో ఉంటుంది, పొద్దున తెస్తా."

కార్లో లేదు. సీటు కింద వెతికింది, కోటు జేబులన్నీ తిరగేసింది. బడి గుమ్మం దగ్గర మంచులో పడిపోయి ఉంటుంది.

శనివారం పొద్దున ఏడింటికి వెర్న్ ఫోను చేశాడు. "పిల్లని తీసుకునే రా. వంటింట్లో డోరీన్ చూసుకుంటుంది. నిన్న ఐదో నంబర్లో ఒక చిన్నపిల్ల స్పృహ తప్పి పడిపోయింది."

లాడ్జి వంటింట్లో ఆర్వో బల్ల దగ్గర కాఫీ పెట్టుకుని కూర్చున్నాడు. డెబ్బై దాటిన మనిషి. ఏడాదికి నాలుగు నెలలు గడ్డ మీదే ఉంటాడు. ఆయన సొంత గుడారం ఐదో నంబరుకి నలభై అడుగుల దూరంలో. వచ్చినవాళ్ళందరికీ చెప్పి చెప్పి కథ ఒక దారిలో పడింది.

"నాలుగున్నర. చేప కొరికే వేళ. నేను మూత్రానికని బయటికొచ్చా. చలికి అదీ సరిగ్గా రాదు, నిలబడి చూస్తున్నా. ఐదో దాంట్లో దీపాలు వెలుగుతున్నాయి గదా, గుడ్డ మీద నీడలు సినిమా తెరలా కనిపిస్తాయి. పెద్దాయన నీడ ఉంది. పిల్ల నీడ లేదు. అంతకుముందు ఉంది, గెంతుతోంది. సరే పడుకుందేమో అనుకున్నా. ఇంతలో పెద్దాయన నీడ కూడా పక్కకి ఒరిగింది. అలా మనిషి ఒరగడు, చేప లాగితే ముందుకి వంగుతాడు గానీ. వెళ్ళి తలుపు జిప్పు తెరిచా. లోపల పెనంలా ఉంది. పిల్ల వాంతి చేసుకుని కింద పడుంది. తండ్రి కళ్ళు తెరిచే ఉన్నాడు, పిల్ల పేరు అడిగితే తన పేరు చెప్తున్నాడు."

"పిల్ల ఎలా ఉంది?" అంది షెల్బీ. ఆమె చెయ్యి మారెన్ నెత్తి మీద ఉంది.

"బాగుంది," అన్నాడు వెర్న్. "ఆస్పత్రిలో నాలుగు గంటలు ఆక్సిజన్ పెట్టారు. పొద్దున తండ్రితో మాట్లాడా. కర్టిస్ ఆయన పేరు. అరవలేదు. అరిచినా బాగుండేది. 'ఎవరు కట్టారో నాకు తెలియాలి, వాళ్ళు ఇంకెవరికీ కట్టకూడదు' అన్నాడు, అంతే. నేను మాటిచ్చా." ఆయన బల్ల మీద వేళ్ళతో కొట్టాడు. "ఈ చలికాలం మధ్యలో ఇంకో మనిషిని వెతుక్కోవాలి. అయినా సరే. కట్టినవాళ్ళు పోవాల్సిందే."

అప్పుడు చూసింది షెల్బీ. డెల్మర్ తలుపు పక్కన నిలబడి ఉన్నాడు, బూట్లు తీయకుండా, చాప మీద.

"నేను వెళ్ళేసరికి పైకన్నం బిగించి మూసుంది," అన్నాడు వెర్న్. "ఎర్ర దీపం తీగ తలుపు సందులోంచి ఉంది. నేనూ ఆర్వో చీకట్లో గుడారాన్ని మడిచి షెడ్డులో పడేశాం. ఇప్పుడు చెప్పండి. ఐదుకి దీపాలు కట్టిందెవరు?"

"నేను కాదు," అంది షెల్బీ. ఆ మాట అనడానికి ఆమె ఆలోచించాల్సిన పనే లేకపోయింది. ఐదో గుడారంలో ఆమెకి ఫోను గుర్తుంది, సంగీతం గుర్తుంది, నర్సు గొంతు గుర్తుంది. దీపాలు గుర్తులేవు. "నేను ఐదులో ఉండగా ఫోనొచ్చింది. వెళ్ళిపోయా. మిగతావి చూసుకోమని డెల్మర్‌కి చెప్పా."

"మిగతావి అంటే ఆరు అనుకున్నా," అన్నాడు డెల్మర్ మెల్లగా. "నేను ఐదులోకి వెళ్ళేసరికి దీపాలు వెలుగుతున్నాయి. బొరియలు వేసి, హీటరు పెట్టి వచ్చేశా. ఆరుకి మాత్రం నేనే కట్టా."

"తలుపు సందులోంచి తీగ లాగేదెవరు? నువ్వా, ఆవిడా?"

"నేనే. కానీ ఐదుకి..."

"షెల్బీ ఎప్పుడైనా అలా లాగిందా? ఆర్వో, నువ్వు చూశావా ఎప్పుడైనా?"

ఆర్వో కప్పులోకి చూశాడు. "ఆ పిల్ల బకెట్టెక్కి కోతిలా వేలాడుతుంది గానీ, అలా లాగదు."

వెర్న్ లేచాడు. తలుపు దగ్గరికి వెళ్ళి, డెల్మర్ చంకలో ఉన్న ఫ్లాస్కు తీసుకున్నాడు. మూత తిప్పాడు. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. ఒకసారి చూసి చాలక, కొంచెం మూతలోకి ఒంపి మళ్ళీ చూశాడు. డోరీన్ పొయ్యి వైపు తిరిగిపోయింది. ఫ్లాస్కులోంచి ఆవిరి వస్తోంది. వంటింట్లో అందరికీ కాఫీ వాసనే తగిలింది.

డెల్మర్ కదల్లేదు. సంతలో గుర్రం పళ్ళు చూసేటప్పుడు గుర్రం నిలబడ్డట్టు నిలబడ్డాడు.

"ఇది కాఫీయే," అన్నాడు వెర్న్, మూత బిగిస్తూ. "నిన్నటిది ఏమిటో నాకు తెలియదు."

"నిన్నా కాఫీయే."

"గుర్తుందా నీకు?"

డెల్మర్ చెయ్యి చాచాడు. ఫ్లాస్కు అందుకున్నాడు. "గుర్తుందనే అనుకుంటున్నా," అన్నాడు. వెళ్ళేటప్పుడు తలుపు చప్పుడు కాకుండా వేసుకున్నాడు.

*

ఆదివారమూ సోమవారమూ షెల్బీ ఒక్కతే బొరియలూ వేసింది, దీపాలూ కట్టింది. వెర్న్, రోజూ పనివాళ్ళ పేర్లు రాసే పలక మీద సుద్దతో రాయించాడు: తీగలన్నీ పైకన్నంలోంచే పోవాలి. గుడారాల్లో విషవాయువుని పసిగట్టి మోగే అలారాలు కూడా కొత్తవి తెప్పించాడు. కిందటి నెల పాతవాటిని, చలికి ఊరికే కూస్తున్నాయి, కస్టమర్లు విసుక్కుంటున్నారని తీయించింది ఆయనే. ఆ సంగతి ఎవరూ ఎత్తలేదు.

"నువ్వు చెప్తే నవ్వాను గదా," అన్నాడు ఆమెతో. "మార్చి దాకా నీకు పనికి ఢోకా లేదు. ఏప్రిల్లో పడవల దగ్గర కూడా చూద్దాం."

ఏప్రిల్ మాట ఇదివరకెప్పుడూ రాలేదు. ఏటా గడ్డ కరిగితే ఆమె పని కూడా కరిగిపోయేది. ఇంటికొచ్చి మారెన్‌కి మందు పోస్తూ ఆ మాటనే రెండుసార్లు లోపల తిప్పుకుంది.

సోమవారం సాయంత్రం పెట్రోలు బంకు దగ్గర డెల్మర్ కనిపించాడు. వాళ్ళ అక్క కారు టైర్లలో గాలి నింపుతున్నాడు. షెల్బీ తప్పుకుపోదామనుకుంది గానీ మారెన్ అప్పటికే కిటికీలోంచి చెయ్యి ఊపేసింది.

"పాపకి తగ్గిందా?"

"తగ్గింది. చెవి."

"చెవి చెడ్డ నొప్పి." అతను టైరు మీద గొట్టం నొక్కి పట్టి, ముల్లు కదలడం చూస్తూ అన్నాడు. "నేనే అయ్యుంటాలే షెల్బీ. నువ్వు మనసులో పెట్టుకోకు."

"దీపాలు వెలుగుతున్నాయని చెప్పారుగా."

"వెలుగుతున్నట్టే గుర్తు. కానీ నా గుర్తుకేం విలువ? తాగే రోజుల్లో మా అక్క కిటికీ నేను పగలగొట్టలేదని అమ్మ మీద ఒట్టు పెట్టా. తర్వాత నా చేతిలోంచే గాజుపెంకు తీశారు." అతను గొట్టం చుట్టి కొక్కేనికి తగిలించాడు. "మానేస్తే బుర్ర తిరిగొస్తుందన్నారు. వచ్చిందనుకున్నా. ఇంకా రాలేదేమో."

ఇంటికెళ్ళే దారిలో మారెన్ వెనక సీట్లోంచి అంది, "అమ్మా, బాతు దొరికిందా?"

"లేదమ్మా. కొత్తది కొంటాలే."

"కొత్తది నా బాతు కాదుగా."

*

మంగళవారం మధ్యాహ్నం వెర్న్ ఐదో నంబరు గుడారం సంగతి చూడమన్నాడు. శుక్రవారం తడితడిగా మడిచి షెడ్డులో పడేసింది నాలుగు రోజులకి కొయ్యదుంగలా గడ్డకట్టింది. లోపలివాళ్ళ ఊపిరీ హీటరు ఆవిరీ గుడ్డకి పట్టి మడతమడతలోనూ గాజులా తేలాయి. అలా ఉన్నప్పుడు లాగి విప్పితే గుడ్డ పెళుసుగా చీలుతుంది. దాన్ని మంచు మీద జారే స్లెడ్డు మీద లాడ్జి బాయిలరు గదికి ఈడ్చుకెళ్ళి, వేడినీళ్ళ పైపుల పక్కన నిలబెట్టి, కింద రెండు తొట్లు పెట్టింది. మొదట ఏమీ కాలేదు. అరగంటకి ఒక్కో చుక్కా రాలడం మొదలైంది. ఆమె పక్కనే బకెట్టు బోర్లించుకుని కూర్చుని మిగతా గుడారాల జిప్పులకి మైనం రాసుకుంటోంది.

గంటన్నరకి మొదటి మడత తనంతట తనే వాలింది. ఆమె లేచి అంచు పట్టుకుని మెల్లగా విప్పింది. రెండో మడత. మూడో మడతలో కప్పు కమ్మీలు బయటపడ్డాయి. దీపాల పట్టీ ఇంకా వాటికే ఉంది.

టేపు లేదు.

నల్ల రబ్బరొకటి. జానెడు దూరంలో నీలం రబ్బరు. తర్వాత ఇంకో నల్లది. చివర, కమ్మీ వంగే దగ్గర, మూడు మెలికలు తిప్పి బిగించి ఉంది పసుపు బాతు. దాని ముక్కు మీద మంచుబిందువు కరిగి, సాగి, రాలింది.

షెల్బీ దాన్ని ముట్టుకోలేదు. ముందు బకెట్టు మీద కూర్చుంది. పాత రబ్బర్లయితే అంతకుముందు ఎప్పుడో కట్టి మర్చిపోయినవి అనుకోవచ్చు. బాతు అలా కాదు. శుక్రవారం పొద్దున ఎనిమిదింబావుకి కార్లో తన చేతికొచ్చింది అది. మణికట్టుకి వేసుకుంది. మరి అది ఇక్కడికి ఎలా వచ్చింది?

కళ్ళు మూసుకుంటే మళ్ళీ సంగీతమే వినిపించింది. దాని వెనక ఈసారి చేతులు కనిపించాయి. ఫోను పట్టుకుంది ఎడమ చెయ్యి. కుడి చెయ్యి ఊరికే ఉండలేదు. ఆమె చెయ్యి ఎప్పుడూ ఊరికే ఉండదు. పట్టీ విప్పింది, పళ్ళతో రబ్బరు లాగింది, మెలిక తిప్పింది. పైకన్నం దగ్గరికొచ్చేసరికి బకెట్టెక్కాలి, రెండు చేతులు కావాలి. ఒక చేత్తో ఫోను ఉంది, అందులో నర్సు ఉంది. తలుపులోంచి బయటికెళ్తూ తీగని జిప్పు సందులో దోపి పోయింది. స్విచ్చు కూడా తనే వేసి ఉంటుంది. దీపాలు వెలుగుతున్నాయి అన్నాడు డెల్మర్.

చుక్కలు తొట్లో పడుతున్నాయి. గదిలో ఇంకెవరూ లేరు. రబ్బర్లు నాలుగూ విప్పి జేబులో వేసుకుంటే సరిపోతుంది. పిల్లకి దాని బాతు దొరుకుతుంది. ఏప్రిల్లో పడవలుంటాయి.

పిల్ల వాంతి చేసుకుని కింద పడుంది, అన్నాడు ఆర్వో. ఆరేళ్ళ పిల్ల. మారెన్ కంటే ఒక్క ఏడాది పెద్ద.

ఆమె బాతుని విప్పింది. మిగతా మూడింటినీ అలాగే ఉంచి వెర్న్ గదికి వెళ్ళింది.

"ఏంటిది?" అన్నాడు వెర్న్, బల్ల మీద పెట్టినదాన్ని చూసి.

"మారెన్ జడ రబ్బరు. ఐదో నంబరు కమ్మీకి ఉంది. శుక్రవారం పొద్దునే నా చేతికొచ్చింది. ఆ దీపాలు నేనే కట్టా. నాకు గుర్తులేదు, కానీ నేనే."

వెర్న్ లేచి వెళ్ళి తలుపు వేశాడు. "ఎవరికైనా చూపించావా?"

"లేదు."

"అయితే చూపించకు. కూర్చో." ఆమె కూర్చోలేదు. "చూడు అమ్మాయ్. కర్టిస్‌కి చెప్పేశా, కట్టినవాణ్ణి తీసేశానని. ఆయన సరేనన్నాడు. ఆయన కూతురు బడికెళ్తోంది. అంతా సర్దుకుంది. ఇప్పుడు వాడు కాదు, ఈవిడ అంటే నా మాట ఏం కాను? డెల్మర్ ఒంటి మనిషి, అక్క ఇంట్లో ఉంటాడు. వాడికి ఇంకోచోట దొరుకుతుంది. నీకు పిల్లుంది."

"పిల్ల ఉందనే వచ్చా."

"అంటే?"

"పడిపోయింది కూడా ఒకరి పిల్లే," అంది షెల్బీ. "డెల్మర్ తన బుర్ర చెడిపోయిందనుకుంటున్నాడు. ఆయన బుర్ర బాగానే ఉంది."

"నువ్వు వాడికి చెప్పావంటే నేను కర్టిస్‌కి చెప్పాలి. నేనిచ్చిన మాట అదే, కట్టినవాళ్ళు ఇక కట్టకూడదని. రేపు పలక మీద నీ పేరుండదు. తెలుస్తోందా?"

"తెలుస్తోంది." ఆమె బాతుని తీసుకుంది. తలుపు దగ్గర ఆగింది. "కర్టిస్‌కి చెప్పేటప్పుడు అలారాలు తీయించిన సంగతీ చెప్తారా?"

వెర్న్ అటు తిరిగాడు. కిటికీలోంచి గడ్డ మీది గుడారాల వైపు చూస్తూ ఉండిపోయాడు.

షెల్బీ బాయిలరు గదికి తిరిగి వెళ్ళింది. గుడారం మీది మంచు పూర్తిగా కరిగాక నీళ్ళు దులిపి, నాలుగు కొక్కేలకి తగిలించి, జిప్పులు తుడిచి, తొట్లు పారబోసి, అప్పుడు ఇంటికెళ్ళింది.

*

బుధవారం మారెన్‌ని బడి నుంచి తీసుకుని తిన్నగా సరస్సు దగ్గరికి వెళ్ళింది. ఊరి రేవు దగ్గర ఎవరైనా చేపలు పట్టుకోవచ్చు. డెల్మర్ అక్కడుంటాడని వాళ్ళ అక్క చెప్పింది. నాలుగు కావస్తోంది. సూర్యుడు చెట్ల మీదికి దిగాడు. మారెన్ స్లెడ్డులో కూర్చుంది, షెల్బీ తాడు భుజాన వేసుకుని లాగింది.

అతనిది పాత గుడారం, ఇద్దరు పట్టేది, ఒక పక్క మాసిక వేసి ఉంది. తలుపు తెరిచే ఉంది. లోపల మోకాళ్ళ మీద నిలబడి, పొట్టి దీపాల పట్టీ ఒకటి కమ్మీకి ఆనించి చూస్తున్నాడు. టేపు చంకలో ఉంది.

"లోపలికి రావచ్చా?"

"రా. పాప చలిలో ఎందుకు?"

"నేను బయట గీతలు గీస్తా," అంది మారెన్. దాని చేతిలో పుల్ల ఉంది.

షెల్బీ లోపలికి దూరి బకెట్టు మీద కూర్చుంది. గ్లవ్ తీసి, అరచేతిలో బాతుని చూపించింది.

"ఇది ఐదో నంబరు కమ్మీకి కట్టి ఉంది. ఇంకో మూడు రబ్బర్లు కూడా. నిన్న గుడారం మీది మంచు కరిగాక కనిపించాయి. ఆ దీపాలు నేను కట్టా డెల్మర్. ఫోన్లో మాట్లాడుతూ కట్టా. నాకు తెలియదు. వెర్న్‌కి చెప్పేశా."

డెల్మర్ చెయ్యి కమ్మీ మీదే ఉండిపోయింది. బాతుని తీసుకోలేదు, చూస్తున్నాడు.

"నేను లోపలికి వెళ్ళేసరికి దీపాలు వెలుగుతున్నాయి," అన్నాడు.

"అవును."

"బొరియలు వేశా. హీటరు పెట్టా. దీపాలు ముట్టుకోలేదు."

"ముట్టుకోలేదు."

"ఆరుకి కట్టా. ఐదుకి కాదు."

"ఐదుకి కాదు."

అతను మెల్లగా వెనక్కి జరిగి గడ్డ మీదే కూర్చున్నాడు. టేపు చంకలోంచి జారి పడింది. "నాలుగు రాత్రులు," అన్నాడు. "పడుకునే ముందు రోజూ మనసులో ఆ గుడారంలోకి వెళ్ళా. ప్రతిసారీ దీపాలు వెలుగుతూనే ఉన్నాయి. ఆర్పుదామని చూశా. ఆరలేదు. నిన్న అక్కతో అన్నా, ఇక నా మాట నమ్మొద్దు, ఏ విషయంలోనూ అని." గ్లవ్ వెనక్కి తిప్పి ముక్కు తుడుచుకున్నాడు. "అయితే నాకు గుర్తున్నదే నిజమన్నమాట."

"నిజం."

బొరియ మీద సన్నటి మంచుపొర కట్టుకుంటోంది. డెల్మర్ చిల్లుల గరిటెతో దాన్ని తీసి పక్కన కొట్టాడు.

"నిన్ను తీసేశాడా?"

"పొద్దున డోరీన్ ఫోను చేసింది. పలక మీద పేరు లేదంట."

అతను తల ఊపాడు. ఫ్లాస్కు దగ్గరికి లాగి, మూతలో కాఫీ పోసి ఆమెకి అందించాడు.

"వాసన చూసి తాగు."

షెల్బీకి నవ్వొచ్చింది, కళ్ళలో నీళ్ళూ వచ్చాయి. రెండింటినీ కాఫీతో మింగేసింది.

"పైకి చూడాల్సింది నేనూ," అన్నాడు డెల్మర్. "హీటరు పెట్టినవాడు కన్నం చూడాలి. నువ్వు కట్టిన గుడారం గదా అని తలెత్తలేదు. అది మాత్రం నాదే. వెర్న్‌తో అదీ చెప్పాలి."

అతను పట్టీ మళ్ళీ తీసుకుని కమ్మీకి ఆనించాడు. షెల్బీ చూసింది. "అక్కడ కాదు. మీ తల నీడ బొరియలో పడుతుంది. అటు పెట్టండి." మణికట్టు మీది రెండు నల్ల రబ్బర్లు తీసి ఒకటి పళ్ళతో పట్టుకుని, ఇంకోటి మెలిక తిప్పింది. డెల్మర్ నడుము పట్టుకుని లేచి, తర్వాత రెండు చేతులూ చాచి కప్పులోని గాలి కన్నం జిప్పు పూర్తిగా తెరిచాడు. తర్వాత స్విచ్చు వేశాడు.

బయట పుల్ల చప్పుడు ఆగింది.

"అమ్మా," అంది మారెన్ గుడ్డ అవతలి నుంచి, "మీరిద్దరూ బయటికి కనిపిస్తున్నారు."